నచ్చిన పాటల క్యాసెట్

1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ సంస్థ చిన్న క్యాసెట్‌ను బయటపెట్టింది. మొదట అనుకున్నది మాటలు రికార్డు చేసుకోవడానికే. తర్వాత పాటలు దాన్ని ఆక్రమించేశాయి.

1980ల్లో మన ఊళ్లలో చాలామంది కాగితం మీద పాటల పేర్లు రాసుకుని క్యాసెట్ల దుకాణానికి వెళ్లి, వాటిని ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకునేవారు. ఘంటసాల పద్యం, పక్కనే రఫీ గజల్, ఓ బుర్రకథ ముక్క, వెనకే ఇళయరాజా. ఇవన్నీ ఒకేచోట ఏ కంపెనీ క్యాసెట్‌లో దొరుకుతాయి? కాపీరైటు మాట మాత్రం అడక్కండి.

అసలు చిక్కంతా లెక్కలోనే. సీ-60 అంటే ఒక్కో వైపు 30 నిమిషాలు, సీ-90 అయితే 45. ఆఖరి పాట చరణం మధ్యలో టేపు అయిపోతే ప్రాణం ఉసూరుమనేది. అందుకే చివర్లో పెట్టడానికి ఓ పొట్టి పాట వెతికేవారు. ఇక వరుస కూర్పు పెద్ద విద్య. కీర్తన వెంటనే డిస్కో వస్తే వినేవాడు ఉలిక్కిపడతాడు. కొందరు కావాలనే అలా పెట్టేవారు.

స్నేహితుడికి ఇచ్చే క్యాసెట్టయితే వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కల్నీ విరిచేసేవారు. ఇక దానిమీద మరో పాట ఎక్కదు. ఆ కంతలకు టేపు అంటించి, ఏరికూర్చిన పాటల మీదే క్రికెట్ కామెంటరీ ఎక్కించిన మహానుభావులూ లేకపోలేదు!