పటంలో లేని రెసిస్టరు

పాత వస్తువును బాగుచేసేటప్పుడు ఎవరి మాట వినాలి? జనగామలోని అమ్మమ్మ వాల్వు రేడియోకి కంపెనీ సర్క్యూట్ పటం సంపాదించాను. లోపలి తీగలు దానితో కలవలేదు. దొరకని వాల్వుకు బదులు మరోటి పెట్టి, ఫిలమెంటు వోల్టేజి సరిపోయేలా ఏ మెకానిక్కో రెసిస్టరొకటి అతికాడు. తీసేస్తే ‘అసలు’ రూపం వస్తుంది, ఆ చేతి జాడ పోతుంది. ఉంచాను. లీకవుతున్న కప్లింగ్ కెపాసిటరును మాత్రం మార్చేశాను. అది అవుట్‌పుట్ వాల్వునే కాల్చేస్తుంది. అక్కడ గతం మీద భక్తి పనికిరాదు.

1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చాక, సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలను రాతచరిత్రతో సరిపోల్చి దిద్దే అలవాటు నాకు అనుమానంగానే ఉంది. మహబూబాబాద్ వైపు నేను రికార్డు చేస్తున్న ముసలమ్మలు ఏళ్లు కలిపేస్తారు. తేదీ తప్పయితే అడుగున రాస్తాను. ఏది ముందు చెప్పారో ఆ వరసను మాత్రం, సంపాదకులు ఎంత అడిగినా, మార్చను.