రాతి మీద ఎవరి పేరు?

ఆలయం ఎవరిది? దేవునిదంటాడు భక్తుడు. కట్టించినవానిదంటుంది శాసనం. కట్టినవాని మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

మేముండే ఏ.ఎస్. రావు నగర్, 1967లో ఇ.సి.ఐ.ఎల్.కు పునాది వేసిన శాస్త్రజ్ఞుని పేరు మోస్తున్నది. పేరు పెట్టుకోవడమంటే ఋణం ఒప్పుకోవడమే. ఇక్కడినుంచి ఉప్పల్ మీదుగా వరంగల్లు దారి పడితే యాదగిరిగుట్ట వస్తుంది. 2016లో మొదలైన పునర్నిర్మాణం పూర్తయి, నల్లరాతి ప్రధానాలయాన్ని 2022 మార్చి 28న దర్శనానికి తెరిచారు. ఏడంతస్తుల రాజగోపురం, ప్రాకార మండపాలు చూపరులను నిలవేస్తాయి. సత్యనారాయణ వ్రతాలకు, స్వాతి నక్షత్రం నాటి గిరిప్రదక్షిణకు జనం తరలివస్తారు. నాకు దేవునిపై నమ్మకం లేదు. అయినా ఆ జనాన్ని చిన్నచూపు చూడలేను. వారి ఆశ నిజం, ఆ రాతిలోని శ్రమ అంతకంటె నిజం.

2019 సెప్టెంబరులో అక్కడి స్తంభాల మీద నాటి ముఖ్యమంత్రి బొమ్మ, ఆయన పార్టీ గుర్తయిన కారు కనిపించాయి. అలజడి రేగింది; బొమ్మలు తొలగించారు. తాము చెక్కమనలేదని, శిల్పులే తమకు తోచినవి చెక్కారని అధికారులు చెప్పుకున్నారు. గమనించండి: తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఉలి పట్టినవాడు కీర్తి పంచుకునే వేళ ఎవరికీ గుర్తు రాలేదు. నింద మోయవలసి వచ్చినప్పుడు మాత్రం గుర్తుకు వచ్చాడు!

పేరు కోరకపోవడమే శిల్పి భక్తి అని కొందరంటారు. మరి ప్రభువు భక్తి అలా లేదేం? పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో ఆలయం కట్టించి తన వంశ ప్రశస్తిని శాసనంలో చెక్కించుకున్నాడు. జనం మాత్రం ఆ గుడిని శిల్పిదని చెప్పుకునే పేరుతో రామప్పగుడి అన్నారు. కన్నడ దేశంలో సోమనాథపురం శిల్పి మల్లితమ్మ తన పేరు తానే చెక్కుకున్నాడు. అందువల్ల అతని కళకు, భక్తికి వచ్చిన లోటేమీ లేదు. తనంత తాను వదులుకున్న పేరు వినయమౌతుంది. ఇతరులు చెరిపివేసిన పేరు దోపిడీయే అవుతుంది.

కనుక అభ్యుదయవాది పని గుడిని వెక్కిరించడం కాదు, చేతులు జోడించి ఊరుకోవడమూ కాదు. రాతి మీద ఏ పేరు ఉండకూడదో 2019లో అందరం గట్టిగానే అడిగాం. ఏ పేర్లు ఉండాలో అడగడం ఇంకా మిగిలివున్నది. ప్రజాధనంతో కట్టే ప్రతి ఆలయంలోను, ప్రతి ఆనకట్ట మీదను ఒక రాతి పలక నిలపాలి. దానిమీద ఉలి పట్టినవారి, రాయి మోసినవారి పేర్లు ఉండాలి, వారి ఊళ్ల పేర్లతో సహా.