ముప్పైసార్లు అదే ఆరోహణ

పాత ఒపెరాకి వెళ్లే శ్రోతకి కళ్లు చెమర్చే చోటు ముందే తెలుసు. వెర్డీ 'లా ట్రావియాటా'లో వియొలెత్తా ఎక్కడ ఒరిగిపోతుందో, పుచ్చీని 'లా బొహేమ్'లో మీమీ ఎప్పుడు కన్నుమూస్తుందో తెలిసే వెళ్తాడు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను కోసం తెల్లవార్లూ కూర్చునే మన పల్లె ప్రేక్షకుడికీ అతనికీ ఈ విషయంలో తేడా లేదు. ఇద్దరూ తెలిసినదాన్ని మళ్లీ పొందడానికే వచ్చారు. అది తక్కువ సుఖమని నేననను.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది నుంచి పుట్టిన ఒపెరాల శ్రోతకి ఆ ఆసరా లేదు. బ్రిటెన్ 'పీటర్ గ్రైమ్స్' 1945లో వచ్చింది. లిగెతీ 'ల గ్రాన్ మకాబ్ర్' 1978లో, కాయా సారియాహో 'లామూర్ ద లువాఁ' 2000లో వచ్చాయి. ఒకదాని దారి ఇంకోదానికి పనికిరాదు. ఒపెరా గృహాల్ని పేల్చేయడమే మేలని 1967లో ఫ్రెంచ్ స్వరకర్త పియెర్ బూలేజ్ ఒక జర్మన్ పత్రికతో అన్నాడు. స్వరకర్తలు ఆ మాట వినలేదు. ఆ గృహాల్లోకే వెళ్లి, అక్కడ ఎన్నడూ వినబడని శబ్దాలు పెట్టారు. వాటి ముందు కూర్చున్న మనిషి ఏం పట్టుకుని వినాలి? నన్ను చాలాకాలంగా వదలని ప్రశ్న ఇది.

దీన్ని నాకు అన్నిటికంటే తీవ్రంగా వేసిన ఒపెరా ఫిలిప్ గ్లాస్ 'సత్యాగ్రహ'. రాటర్‌డామ్ నగరం కోరి రాయించుకుంది. 1980లో అక్కడే మొదటిసారి ఆడింది. కథ గాంధీ దక్షిణాఫ్రికా రోజులది. పాడేదంతా సంస్కృతం, భగవద్గీత శ్లోకాలు. గ్లాస్‌తో కలిసి కాన్‌స్టెన్స్ డిజోంగ్ ఆ శ్లోకాల్ని ఎంచి కూర్చింది. మూడంకాలకూ మూడు పేర్లు: టాల్‌స్టాయ్, టాగోర్, మార్టిన్ లూథర్ కింగ్. వేదిక మీద ఈ ముగ్గురూ పైనుంచి చూస్తుంటారు, ఒక్క స్వరమూ పాడరు. మాటలతో లోకాన్ని కదిలించిన ముగ్గుర్ని మౌనంగా కూర్చోబెట్టిన ఆ నిర్ణయం ముందు నేను ప్రతిసారీ ఆగిపోతాను.

నేను మొదట విన్నది 1985 నాటి రికార్డింగు, డగ్లస్ పెర్రీ గాంధీగా పాడినది. తెలుగు చెవికి ఇది విచిత్రమైన అనుభవం. న్యూయార్క్ శ్రోతకి ఆ సంస్కృతం మొదటినుంచి చివరిదాకా శబ్దమే. మనకు అలా కుదరదు. గీత మన ఇళ్లలోకి ఘంటసాల గొంతుతో వచ్చింది. శ్లోకం అయిన వెంటనే తెలుగులో తాత్పర్యం వచ్చేది. శబ్దాన్ని ఎక్కువసేపు ఒంటరిగా వదలకుండా అర్థం వచ్చి చేయి పట్టుకునేది. నేను గీత నేర్చుకున్నది ఆ పద్ధతిలోనే, దానికి రుణపడి ఉన్నాను. గ్లాస్ ఆ చేయి అందించడు. ఒక్క పాదం నిమిషాల తరబడి తిరుగుతుంది. పదం సాగుతుంది, మన ఉచ్చారణకు అలవాటైన చోట కాక మరోచోట విరుగుతుంది. తెలిసిన శ్లోకమే చేతికి చిక్కకుండా పోతుంది. తెలియనివాడు హాయిగా వింటుంటే, తెలిసినవాడే ముందు ఇబ్బంది పడతాడు. ఆ ఇబ్బంది దాటాక గీత నాకు ఉపదేశంగా కాక, ఊపిరిగా వినబడింది.

ఈ మాటల కూర్పులో ఇంకో లోతు ఉంది. 1897 జనవరిలో గాంధీ డర్బన్‌లో ఓడ దిగినప్పుడు తెల్లవాళ్ల గుంపు ఆయన్ని కొట్టింది. పోలీసు అధికారి భార్య శ్రీమతి అలెగ్జాండర్ గొడుగు అడ్డుపెట్టి కాపాడింది. ఒపెరాలో ఆ ఘట్టానికి పెట్టినవి పదహారో అధ్యాయంలోని ఆసుర స్వభావపు శ్లోకాలు. మగవాళ్ల బృందం 'హహహ' అంటూ వెక్కిరింపుగా నవ్వుతుంది. ఆ నవ్వే తాళమై కూర్చుంటుంది. కోపంలో ఉన్న గుంపు చుట్టూ దాన్ని వర్ణించే శ్లోకాలు తిరుగుతుంటాయి, ఆ గుంపుకి వాటి అర్థం తెలియదు. అర్థం తెలియని శ్రోతా, అర్థం తెలియని గుంపూ ఎదురెదురుగా ఉండటం నన్ను కలవరపెడుతుంది. అలా కలవరపెట్టడం ఈ కళ బలం అనుకుంటాను.

గ్లాస్ 1960లలో పారిస్‌లో రవిశంకర్ సంగీతాన్ని పాశ్చాత్య వాద్యగాళ్ల కోసం స్వరలిపిలో రాసిపెట్టాడు. చిన్న స్వరగుచ్ఛానికి ఒక స్వరం కలుపుతూ, ఒకటి తీస్తూ లయను పెంచే ఆలోచన ఆయనకు అక్కడ దొరికింది. 'సత్యాగ్రహ' చివరి గానంలో అదీ మిగలదు. గాంధీ ఒక్కడే నిలబడి ఎనిమిది స్వరాల ఆరోహణ పాడతాడు, ముప్పైసార్లు. అది పాశ్చాత్యుల ఫ్రిజియన్ వరస. స్వరస్థానాలు మన తోడి రాగానివే. గమకం లేదు కాబట్టి తోడి కాదు. ఏ అలంకారమూ లేకుండా ఆ మెట్లెక్కుతూంటే నా చెవి ఊరికే ఉండక గమకాల్ని వెతుక్కుంటుంది. మాటలు నాలుగో అధ్యాయంలోవి: నాకూ నీకూ ఎన్నో జన్మలు గడిచాయి, ధర్మం కుంగినప్పుడల్లా వస్తాను అని కృష్ణుడు చెప్పేవి. మళ్లీ మళ్లీ రావడం గురించిన మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి.

ఇలాంటి సంగీతం విసుగు పుట్టిస్తుందనేవాళ్ల మాట కొట్టిపారేయలేను. అయిదారుసార్లయ్యాక మనసు తప్పుకుంటుంది, రేపటి పనుల దగ్గరికి పోతుంది. తిరిగి వచ్చేసరికి అదే ఆరోహణ అక్కడే ఉంటుంది. కాని కింద వాద్యాల పొందిక మారి ఉంటుంది. ఆ తిరిగి రావడమే ఇక్కడ వినడం. మనసు పారిపోకుండా విన్నవాడికంటే, పారిపోయి వచ్చినవాడికే ఇది ఎక్కువ ఇస్తుందని నా అనుభవం.

మూడో అంకం 1913 నాటి న్యూకాసిల్ యాత్ర. గనుల్లో పని మానేసి ట్రాన్స్‌వాల్ సరిహద్దుకి నడిచినవాళ్లలో పురుషులు 2,037, స్త్రీలు 127, పిల్లలు 57 అని గాంధీ తన పుస్తకంలో లెక్క రాశారు. 1860 నుంచి 1911 దాకా నేటాల్‌కి తీసుకెళ్లిన కూలీల్లో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడెక్కిన తమిళులూ తెలుగువాళ్లూ. ఆ సమ్మె కట్టిన జనంలో మనవాళ్లూ ఉన్నారు. బృందగానం ఎత్తుకున్నప్పుడల్లా వాళ్ల కోసం చెవి పెడతాను. వాళ్లు వేరే భాషలో మొరపెట్టుకున్నవాళ్లు, పేర్లు మిగలనివాళ్లు.

2008లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాకి వచ్చిన ప్రదర్శనలో కూడా ప్రతి పాదానికీ అనువాదం చూపలేదు. అక్కడక్కడా కొన్ని వాక్యాలు తెర మీద పడేవి, అంతే. అదే ప్రదర్శన 2011లో మళ్లీ ఆడింది. డిసెంబర్ 1 చివరి రాత్రి. ఆర్థిక అసమానతల మీద లేచిన ఆక్యుపై ఉద్యమం నగరంలో రగులుతున్న రోజులవి. లింకన్ సెంటర్ బయట ఆందోళనకారులు చేరారు, పోలీసులు అడ్డుకంచెలు పెట్టారు. ఆట ముగిసి జనం బయటికొస్తుంటే డెబ్భై నాలుగేళ్ల గ్లాస్ ఆ గుంపు మధ్య నిలబడి తన ఒపెరాలోని ఆఖరి శ్లోకాల్ని ఇంగ్లీషులో చదివాడు. మైకు లేదు. ఆయన ఒక ముక్క చెప్పడం, చుట్టూ ఉన్నవాళ్లు గట్టిగా దాన్నే తిరిగి చెప్పడం. అలా వెనకవాళ్లదాకా చేరింది. ధర్మం కుంగినప్పుడల్లా వస్తానన్న మాట ఆ చలిలో నోటినుంచి నోటికి పాకింది. లోపల గంటల తరబడి ఆ మాటల్ని శబ్దంగానే విని వచ్చినవాళ్లు వాటిని అందరికంటే శ్రద్ధగా విని ఉంటారని నా నమ్మకం.