అబద్ధమును పంచుకొన్నచో పాపము తగ్గునా?

ఒక మూటను పదిమంది కలిసి మోసినచో ఒక్కొక్కరి భుజముపై బరువు తగ్గును. ఒక అబద్ధమును పదిమంది పంచుకొని పలికినచో ఒక్కొక్కరి పాపము కూడ అట్లే తగ్గునా? వర్తకము పెద్ద కార్యాలయములలోనికి ప్రవేశించి, ప్రతి పనియు ముక్కలు ముక్కలుగా విభజింపబడిన కాలమిది. కనుక గృహస్థులు, వారి బిడ్డలు ఈ ప్రశ్నను తప్పించుకొనజాలరు. దీనిని ఊహలతో గాక, జరిగిన ఒక వ్యవహారముతో విచారించుట మేలు. అమెరికా దేశమున టెలిఫోను ద్వారా పత్రికల చందాలు అమ్ముటలో సాగిన వంచన అట్టి వ్యవహారము. మన తెలుగు కుటుంబముల బిడ్డలనేకులు ఆ దేశమున స్థిరపడియున్నారు. తల్లిదండ్రులు పోయి నెలల తరబడి వారి యిండ్లలో నుండి వచ్చుచున్నారు. కావున ఇది మనకు కేవలము దూరదేశపు కథ కాదు.

టెలిఫోనులో చందా అడుగుట స్వతహాగా దోషము కాదు. ఆ దేశమున ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అను ప్రభుత్వ సంస్థ 1995లో ఇందుకొక నియమావళిని చేసినది. పిలిచినవాడు తానెవరి పక్షమున పిలుచుచున్నాడో, అమ్మకమునకే పిలుచుచున్నాడని, అమ్మునదేమో మొదటనే చెప్పవలెను. ఉదయము 8 గంటలకు ముందుగాని, రాత్రి 9 గంటల తరువాతగాని ఇండ్లకు పిలువరాదు. 2003లో, అమ్మకపు పిలుపులు వద్దనువారు తమ టెలిఫోను సంఖ్యను నమోదు చేసికొనుటకు దేశవ్యాప్తమైన పట్టిక ఏర్పడినది. అందొక మినహాయింపు కలదు: గడచిన 18 నెలలలో తన వద్ద సరకు కొన్నవారిని, వారు వద్దని చెప్పనంతవరకు, వర్తకుడు పిలువవచ్చును. పాత పరిచయమునకు చట్టమిచ్చిన మర్యాద అది. వంచకుడు ధరించినది సరిగా ఆ పాత పరిచయపు వేషమే.

2020 అక్టోబరులో మిన్నెసోటా రాష్ట్రమున ఫెడరల్ ప్రభుత్వ న్యాయవాదులు ఇట్టి వ్యాపారమునకు సంబంధించి 60 మందిపై నేరారోపణలను ప్రకటించిరి. సుమారు 20 సంవత్సరముల కాలమున 1,50,000 మందికి పైగా, వారిలో అత్యధికులు వృద్ధులు, మోసపోయిరనియు, నష్టము 30 కోట్ల డాలర్లనియు వారు తెల్పిరి. తరువాతి సంవత్సరములలో నిందితులు పెక్కుమంది నేరమంగీకరించిరి. మరికొందరు జ్యూరీ యెదుట విచారణ జరిగి దోషులుగా తేలిరి.

వంచన జరిగిన తీరు ఇది. “మీరు చందాదారుగా ఉన్న పత్రికల సంస్థ నుండి పిలుచుచున్నాము. మీరు నెలనెలా కట్టు సొమ్మును తగ్గించెదము” అని పిలుపు వచ్చును. నిజమునకు పిలిచినవానికి ఆ సంస్థతోగాని ఆ యింటితోగాని ఏ సంబంధము లేదు. తగ్గింపు అని తలచి ముదుసలి తన క్రెడిట్ కార్డు సంఖ్య చెప్పగనే, పాత చందా పాతదిగనే యుండి, దానిపై సరికొత్త చందా ఒకటి మోపబడును. కొన్నాళ్లకు మరియొక సంస్థ, ఆ వెనుక వేరొకటి. ఒకే వ్యక్తికి ఏకకాలమున పలు సంస్థలు బిల్లులు పంపిన సందర్భములు కలవు. అప్పుడు మరియొక తరహా పిలుపు వచ్చును: “మీ పేర చాల బాకీ యున్నది. ఒక్కసారి ఇంత సొమ్ము కట్టినచో అన్నిటిని రద్దు చేయింతుము.” ఆ బాకీయు అబద్ధమే. మొదట గాయము చేసినవారు కొందరు, గాయమునకు మందని చెప్పి మరల రక్తము తీసినవారు కొందరు.

ఇందు పని ఎట్లు పంపకమైనదో గమనింపుడు. మోసపోయినవారి పేర్ల జాబితాను అమ్మువాడొకడు. పిలుపులో చదువవలసిన పాఠమును వ్రాయువాడొకడు. దానిని టెలిఫోనులో వినిపించువాడొకడు. “సరే” అను మాటను యంత్రముపై భద్రపరచువాడొకడు. బిల్లు పంపువాడొకడు. జాబితా అమ్మినవాడు “నేను పేర్లనే అమ్మితిని, ఎవరిని మోసగించలేదు” అనును. వ్రాసినవాడు “నేనెవరికిని పిలుపు చేయలేదు” అనును. చదివినవాడు “ఎదుట పెట్టినది చదివితిని” అనును. బిల్లు పంపినవాడు “లెక్కలో ఉన్నది పంపితిని” అనును. అందరును తమ వంతు పని సక్రమముగా చేసిరి. ముదుసలి సొమ్ము మాత్రము పోయినది.

మూటకును అబద్ధమునకును గల భేదమిదియే. మూటలో ఒకడు మోయు భాగము మరియొకనిపై పడదు. కాని అబద్ధమున ప్రతివాని పనియు తక్కినవారి పనికి ప్రాణము పోయును. జాబితా లేనిదే పిలుపు లేదు. పిలుపు లేనిదే సమ్మతి లేదు. సమ్మతి లేనిదే బిల్లు లేదు. ఏ ఒక్కడు మానుకొన్నను ఆ యింటికి ఆ కీడు చేరదు. అందువలన ప్రతివానికిని సంక్రమించునది వంతు కాదు, పూర్తి మొత్తమే.

“కడుపుకోసము చేయు జీతగానిని కూడ ఇంత కఠినముగా తూచవలెనా?” అని మీరడుగవచ్చును. న్యాయమైన ఆక్షేపణయే. లాభమంతయు దోచుకొన్న యజమానికిని, అద్దె కట్టుకొనుటకు ఉద్యోగములో చేరిన యువకునికిని శిక్ష సమానము కారాదు. మొదటినాడు అతనికి తాను చదువునది అబద్ధమని తెలియకనే పోవచ్చును. కాని ఆ పనిలో తెలియమి ఎక్కువకాలము నిలువదు. “నాయనా, నేను ఏ క్రొత్త పత్రికయు అడుగలేదే” అని ఒక ముదుసలి అన్ననాడు, “నిన్ననే మీవారికి కట్టితిని కదా” అని మరియొకరు అన్ననాడు, నిజము అతని చెవినే చేరినది. ఆ వెనుక మరల అదే పాఠము చదివినచో, పాఠము వ్రాసినది ఎవరైనను, మాట అతనిదే. నాలుకను అద్దెకిచ్చుట వీలు కాదు.

ఇచట శరణుల కాయక భావన మనకొక కొలమానమును చూపుచున్నది. పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులు తమ వృత్తులతోనే ప్రసిద్ధులైరి. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. మేదర కేతయ్య వెదురు బుట్టలల్లెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. ఈ పనులన్నిటికిని ఉన్న సామాన్య గుణమేమి? పని చేయువాడు తాను చేయునదంతయు, ఆ పనిని పొందువానికి దాపరికము లేక చెప్పవచ్చును. పడవ ఏ రేవునకు పోవునో ఎక్కినవానికి చెప్పినంతమాత్రమున పడవవాని జీవనము చెడదు. కాని చందా వంచకుడు తాను చేయునదేమో ఎదుటివానికి పూర్తిగా చెప్పినచో, ఆ క్షణముననే అతని వృత్తి అంతమగును. ఏ పనిని, ఎవరి కొరకు చేయుచున్నామో వారికే చెప్పుకొనలేమో, అది జీతము తెచ్చినను కాయకము కాదు. ఉద్యోగములో చేరబోవు మన యువకులు, టెలిఫోను కార్యాలయమైనను మరేదైనను, ఈ ఒక్క పరీక్ష చేసికొన్న చాలును.

ఇక మోసపోయినవారి మాట. “ఆశ లేనిదే మోసము లేదు” అని లోకము తేలికగా తీర్పు చెప్పును. ఈ వ్యవహారమున ఆ తీర్పు చెల్లదు. బాకీ యున్నదని చెప్పగా సొమ్ము కట్టినవాడు ఆశచే కట్టలేదు. అప్పు ఉంచుకొనరాదను నియమముచే కట్టెను. మాట మధ్యలో టెలిఫోను పెట్టివేయుట అమర్యాద అని తలచి వినినవాడు అత్యాశాపరుడు కాదు. ఋణభయము, మర్యాద, ఎదుటివాని మాటను నమ్ముట అనునవి సద్గుణములు. ఈ వంచన ఆ సద్గుణములనే గాలమునకు ఎరగా గ్రుచ్చినది. సొమ్ము పోవుటకన్న ఇది ఘోరమైనది. ఏలయన, సొమ్ము పోయినవాడు మరల సంపాదించుకొనవచ్చును. నమ్మి చెడినవాడు ఇక ఎవరిని నమ్మడు, సత్యము పలుకువానిని కూడ.

“సరే అన్న మాట మా వద్ద భద్రముగా నున్నది” అని వంచకుడు వాదించును. విషయము తెలిసి చెప్పిన మాటయే సమ్మతి. మన దేశపు 1872 నాటి ఒప్పందాల చట్టము కూడ, వంచనచే సమ్మతి పొందబడినచో ఆ ఒప్పందమును వంచితుడు త్రోసిపుచ్చవచ్చునని చెప్పుచున్నది. చట్టమే అంగీకరింపని దానిని ధర్మము ఎట్లంగీకరించును?

మరి గృహమున మన కర్తవ్యమేమి? అడుగని పిలుపును ఆపివేయుట అమర్యాద కాదని పెద్దలకు నెమ్మదిగా చెప్పవలెను. బాకీ యున్నదన్నచో కాగితముపై వ్రాసి పంపుమని కోరవలెను. పత్రికపై అచ్చయిన చిరునామాకు స్వయముగా వ్రాసి విచారింపవలెను. కార్డు సంఖ్యను వచ్చిన పిలుపులో ఎన్నడును చెప్పరాదు. మన దేశమున అమ్మకపు పిలుపులు వద్దని నమోదు చేయించుకొనుటకు 1909 అను సంఖ్యయు, టెలిఫోను ద్వారా సొమ్ము పోగొట్టుకొన్నచో వెంటనే ఫిర్యాదు చేయుటకు 1930 అను సంఖ్యయు కలవు. అన్నిటికన్న ముఖ్యము, మోసపోయిన పెద్దలను నిందింపకుండుట. “ఇంత వయసు వచ్చి ఇంత తెలియదా” అని కుమారుడు ఒక్కమారు కసరినచో, తండ్రి రెండవమారు జరిగినదానిని దాచును. వంచకునికి కావలసినది ఆ మౌనమే.

చందా అనునది చిత్రమైన వ్యవహారము. సరకు చేతికి రాకముందే, రాబోవు సంవత్సరమును నమ్మి మనము సొమ్ము పంపుదుము. పత్రిక నడుపువాడు ఆ నమ్మకమునకు ఋణపడి సంచికను పంపును. ఇట్టి నమ్మకముపైననే చిన్న పత్రికలన్నియు బ్రతుకుచున్నవి. దానిని చెరిపిన అబద్ధమున పాలుగొన్నవారు పదిమందియైనను వందమందియైనను, భాగహారము చేసి పాపమును తగ్గించుకొను లెక్క ఏదియు లేదు. ఎవడు తన వంతును “ఇది నేను చదువను” అని క్రింద పెట్టునో, వాడు తన వంతు బరువును మాత్రమే గాక, తెలియని ఒక యింటిపై పడబోవు బరువంతటిని దించినవాడగును.