విషాద సారంగధర: నిరపరాధి బాధ, కర్మ సిద్ధాంతం

ధర్మవరంలో 1853లో జన్మించి, బళ్లారిలో న్యాయవాదిగా స్థిరపడి, ఆంధ్ర నాటక పితామహుడిగా కీర్తి గడించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఆంగ్ల విషాదాంత నాటకాల ప్రభావంతో ‘విషాద సారంగధర’ను రచించి, నాటకం శుభంగానే ముగియాలన్న సంస్కృత రంగస్థల సంప్రదాయాన్ని దాటారు. సవతి తల్లి చిత్రాంగి కోర్కెను తిరస్కరించిన సారంగధరుడు ఆమె మోపిన నిందకు గురై, తండ్రి రాజరాజనరేంద్రుని ఆజ్ఞతో కాలుసేతులు పోగొట్టుకుంటాడు. 17వ శతాబ్దిలో చేమకూర వెంకటకవి చెప్పిన కథలో సిద్ధుని దయవల్ల అవి తిరిగి వస్తాయి. రామకృష్ణమాచార్యుల నాటకంలో శోకమే మిగులుతుంది. నిరపరాధి బాధ తీరకుండానే కథ ముగిస్తే కర్మ సిద్ధాంతానికి భంగం కలిగినట్లేనా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది.

ఇది భారతీయులకే ఎదురైన చిక్కు కాదు. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’లోనూ తండ్రి తొందరపాటుకు బలైన కార్డీలియా మరణిస్తుంది, నాహుమ్ టేట్ అనే కవి, నాటకకర్త 1681లో ఆమెను బతికించి తిరగరాయగా, శతాబ్దానికి పైగా ఆంగ్ల రంగస్థలం ఆ రూపాన్నే ఆదరించింది. మన అలంకారశాస్త్రం మాత్రం శోకం స్థాయీభావంగా గల కరుణరసాన్ని ఏనాడో అంగీకరించింది. రామాయణానికి ప్రధానరసం కరుణమేనని 9వ శతాబ్దిలో ఆలంకారికుడు ఆనందవర్ధనుడు నిర్ణయించాడు. దుర్యోధనుని మరణంతో ముగిసే ప్రాచీన సంస్కృత నాటకకర్త భాసుని ‘ఊరుభంగం’ పండితుడు గణపతిశాస్త్రి కృషివల్ల వెలుగు చూసింది 1912లో, అంటే రామకృష్ణమాచార్యులు కన్నుమూసిన ఏడాదే, కనుక ఆ ఆధారం ఆయనకు అందుబాటులో లేదు.

వేదాంతులు కర్మను సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడు విధాలుగా చెబుతారు. కూడబెట్టుకున్నది సంచితం, అందులో ఈ జన్మలో అనుభవానికి వచ్చినది ప్రారబ్ధం, ఇప్పుడు చేస్తూ ముందుకు కూర్చుకుంటున్నది ఆగామి. సారంగధరుని బాధ అతని ప్రారబ్ధమే అనుకున్నా, విచారణ లేకుండా శిక్ష విధించిన రాజు చర్య ఆ రాజుకు ఆగామే అవుతుంది. ఒకరి ప్రారబ్ధం మరొకరి అపరాధాన్ని మాఫీ చేయదు. సిద్ధుడు వచ్చి అవయవాలు మొలిపించినప్పుడు ప్రేక్షకుడు ఊరట చెంది రాజు చేసిన తప్పును మరిచే అవకాశం ఉంది, కాగా విషాదాంతంలో ఆ తప్పు దిద్దుబాటుకు లొంగక రాజు పశ్చాత్తాపంతో సహా ప్రేక్షకుని కళ్ల ముందే ఉంటుంది. ఈ దృష్టితో చూస్తే రామకృష్ణమాచార్యులు ఉల్లంఘించినది రంగస్థల మర్యాదనే గాని కర్మ సిద్ధాంతాన్ని కాదు.