లోపలి పనితనము

మొన్నటి సంక్రాంతికి మా మేనత్తగారి చిన్నకుమారుడు క్రొత్తగా గొన్న కారును జి.కొండూరునకు దీసికొనివచ్చెను. అది వీథిలో నాగిన తోడనే యింటిల్లిపాదియు చుట్టును మూగిరి. ఇంజను శక్తి యెంత యని యడిగినవా రొక్కరును లేరు. ప్రతివారును తలుపు దీసి, వేసి, ఆ చప్పుడు విని తలయూచిరి. మేనత్తగారు సీటుపై నఱచేయి యాన్చి మెల్లగా నొత్తి చూచి, "మెత్తగా ఉందిరా అబ్బాయీ, మంచి బండే కొన్నావు" అనిరి. మేమును లోపల గూర్చుండి, మోచేయి యానునట్టి తావును దడవి చూచి సంతసించినవారమే. రాత్రి పరుండిన తరువాత మాత్ర మొక ప్రశ్న మమ్ము వదలలేదు. బండి బాగుగా జేయబడినదని మా చేతికి దోచినది గదా; ఆ చేయి నిజముగా దేనిని దెలిసికొన్నది?

ఇది కారులతో బుట్టిన ప్రశ్న కాదు. మా మెట్ట ప్రాంతమున గూడుబండ్లు దిరిగిన కాలమున, బండి కొనబోవు పెద్దలు గూటిని గాక యిరుసును, చక్రములను ముందు చూచెడివారు. ప్రయాణమునాడు లోపల వరిగడ్డి పఱచి, దానిపై జంబుఖానా వేయుదురు. ఆ మెత్తదనము వడ్రంగి పని కాదనియు, తెల్లవారుజామున నింటివారు పఱచినదనియు నందఱకును దెలియును. పఱపు వేఱు, బండి వేఱు. శూద్రకుని మృచ్ఛకటికమున నీ పఱపే కథను మలుపు త్రిప్పినది. వసంతసేన కొఱకు బండి దెచ్చిన చారుదత్తుని సేవకుడు వర్ధమానకుడు పఱపు మఱచితినని జ్ఞప్తికి దెచ్చుకొని, బండితో గూడ మరలిపోవును. అంతలో రాజశ్యాలుని బండి యచట వచ్చి నిలువగా, ఆమె యెఱుగక దానిలో నెక్కి ప్రాణముమీదికి దెచ్చుకొనును. మాన్యురాలిని వట్టి పలకలపై గూర్చుండబెట్టరాదన్న యా సేవకుని మర్యాద మెచ్చదగినదే. కాని యామెకు గావలసినది పఱపుకంటె ముందు, తా నెక్కినది యెవ్వరి బండియో తెలియుట.

నేటి కారులో పఱపును, బండియు నొక్కటియై పోయినవి. రెంటిని జేయువా రొక్కరే. రెంటికిని వెల యొక్కటే. ఆ తలుపు చప్పుడునే తీసికొందము. పలుచని రేకు తలుపును వేసినచో డబ్బా వలె మ్రోగవలెను. ఆ రేకు లోపలివైపున తారువంటి పదార్థపు పట్టీల నంటించి, చుట్టును రబ్బరు బీడింగు వేసి, తాళపు భాగములు ఇనుము నినుము కొట్టుకొనకుండ జేసి, మ్రోతను ధబ్బుమను బరువైన శబ్దముగా మార్చుదురు. ఇందుకై పెద్ద కంపెనీలలో శబ్దమును మాత్రమే పరీక్షించు ఇంజనీర్లు గలరు. డాష్‌బోర్డు పైభాగమున, చేయి తగులుచోట, ఫోముపై మెత్తని తొడుగు వేయుదురు. మోకాళ్లకు దిగువను, చేయి పోనిచోట, గట్టి ప్లాస్టిక్కు. దానిపై తోలు మడతలను బోలిన గరుకును అచ్చులోనే పోయుదురు. కొన్ని బండ్లలో దారపు కుట్లు సైతము పోతలోనివే; అక్కడ దారము లేదు, సూది లేదు. కఱ్ఱ చాఱలన్న మాటయా, అవి పలుచని పొరపై ముద్రించినవి. మీట త్రిప్పినప్పుడు వ్రేలికి దగులు చిన్న అదురు గూడ లెక్కగట్టి యమర్చినదే. ఇక జనులు మురిసిపోవు క్రొత్త కారు వాసన, ప్లాస్టిక్కులనుండియు జిగురులనుండియు వెలువడు ఆవిరులు గాని మఱొకటి కాదు.

వీనిలో గొన్ని నిజమైన సాక్ష్యములు, కొన్ని కావు. రెండు భాగముల నడుమ సందు ఈ కొననుండి ఆ కొనవఱకు నొక్క వెడల్పున నున్నచో, అచ్చు సరిగా నున్నదనియు, బిగించినవాడు తొందరపడలేదనియు గొంతవఱకు నమ్మవచ్చును. అది పైపూతతో వచ్చునది కాదు. గతుకుల దారిలో నైదేండ్లు తిరిగిన పిమ్మటను కిఱకిఱలాడకుండుట యింకను గొప్ప సాక్ష్యము. దురదృష్టవశమున దానిని దుకాణములో నెవ్వరును జూపలేరు.

మఱి తక్కినదంతయు మోసమా? ఇంగ్లండు దేశపు రస్కిను 1849లో "సెవెన్ ల్యాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్" అను గ్రంథమున, ఒక పదార్థమునకు మఱొక పదార్థపు రంగు వేసి మభ్యపెట్టుట అసత్యమని గట్టిగా ఖండించెను. కాని యాయనయే యొక మినహాయింపు నిచ్చినాడు. కట్టడముపై వేసిన బంగారు పూతను జూచి లోపలంతయు బంగారమని యెవ్వరును భ్రమపడరు గనుక నందు మోసము లేదు. నగపై వేసిన పూత బంగారమనియే తలపింపబడును గనుక నది మోసము. పూత యొక్కటే, చూచువాని నమ్మిక వేఱు. ఈ విచక్షణ మాకు మిక్కిలి నచ్చినది. మాకు గొలది మైళ్ల దూరముననున్న కొండపల్లిలో బొమ్మలవారు తెల్లపొణికి కఱ్ఱను జెక్కి, అంగములను వేఱువేఱుగా జేసి, ఱంపపు పొట్టును చింతగింజల జిగురును గలిపిన మక్కుతో అతుకుదురు. ఆపై సున్నపు పూత, ఆపై రంగులు. అతుకులు కనబడవు. ఐనను అంబారీ యేనుగును గొన్నవా డది యొక్క దుంగలో జెక్కినదని వాదింపడు. మక్కు అతుకును దాచుట మాత్రమే కాదు, పట్టియుంచును గూడ. దాచిన పని తనపని తాను జేయుచున్నప్పుడు దానిని గూర్చి మన కేమి ఫిర్యాదు?

అట్లే, చౌకబండిలో చేయి పోనిచోట గట్టి ప్లాస్టిక్కు వేసిరని నిందించువారితో మేము ఏకీభవింపము. అది పొదుపు. జీతపురాళ్లపై బ్రదుకువాడును పిల్లలతో వానలో దడియకుండ పోవలెనన్న నెక్కడనో తగ్గింపవలసినదే. తగ్గించినది యెక్కడ నన్నదే విచారింపదగినది.

ఈ విషయమును మాకు గన్నులార జూపినది వఱద. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగెను. మా మండలములోని వెలగలేరు రెగ్యులేటరు కడ గేట్లెత్తిరి; మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడెను; విజయవాడలో సింగునగరు మొదలగు పేటలు దినములకొలది నీట నుండెను. మనుష్యులే పోయిన యాపదలో బండ్ల ప్రసంగము తేవలసివచ్చినందులకు సిగ్గుపడుచునే చెప్పుచున్నాము. నీరు దీసిన తరువాత స్నేహితుని వెంట ఆటోనగరులోని యొక షెడ్డునకు బోతిమి. కారుల లోపలి భాగములన్నియు నూడదీసి యెండలో బెట్టియుండిరి. వరుసగా సీట్లు, వాని ప్రక్కను డోరు ప్యాడ్లు, తిరుగవేసిన తివాచీలు. పైన తోలువలె మెఱసినవాని వెనుకభాగములను మే మెన్నడు నట్లు చూచియుండలేదు.

అందు రెండు బండ్లను బోల్చి చూచితిమి. ఒకటి ఖరీదైనది. దాని తొడుగులకు నిజమైన దారపు కుట్లు గలవు. తివాచీ క్రింద మాత్రము తీగెలు కట్టు లేక చెదరియుండెను. అవి కలియు ముడులు అన్నిటికంటె పల్లమున, నీరు నిలుచుచోటనే యుండెను. రెండవది నడితరపు సంసారి కొనునది. పైన నంతయు గట్టి ప్లాస్టిక్కే. కాని దాని తీగెలకు గుడ్డ పట్టీ నడుమ సందు లేకుండ జుట్టి, ముడులను ఎత్తుగా గట్టియుండిరి. దాని నెవ్వరు చూతురని చుట్టిరి? అంబాసిడరు కారులపై పని నేర్చుకొన్న యొక ముసలి మేస్త్రీ మా ముఖము జూచి నవ్వి, "మేష్టారూ, చెయ్యి తగిలేచోటు ఎవడైనా బాగానే చేస్తాడండీ. చెయ్యి పోనిచోట చూడాలి" అనెను. మఱియొక మాటయు జెప్పెను. ఉత్తరపారలో 2014 వఱకు జేయబడిన యా పాతబండిలో మరమేకుల తలలు పైకి గనబడుచుండెడివి. ఒక్క స్క్రూడ్రైవరుతో లోపలంతయు విప్పి మరల బిగింపవచ్చును. నేటివానిలో మేకులు కనబడరాదని క్లిప్పులు పెట్టిరి. విప్పినప్పుడు పది క్లిప్పులలో మూడు విఱుగును. నున్నగా గనబడుటకై మరల బాగుచేసికొను వీలును గొంత ధారపోసితిమన్న మాట. ఐనను మాకు అంబాసిడరుపై విశేషమైన వ్యామోహము లేదు. వేసవిలో దానిలో గూర్చున్న వారికి గారణము చెప్పనక్కఱలేదు.

తీగెలు తడిసినచో పోవునది ధనము. అంతకంటె గొప్ప లోటు మఱొకటి గలదు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన దేశమున విరివిగా నమ్ముడుపోవు నైదు చిన్నకారులను గంటకు 64 కిలోమీటర్ల వేగమున అడ్డునకు ఢీకొట్టించి పరీక్షింపగా, పెద్దల రక్షణ విషయమున నైదింటికిని సున్న నక్షత్రములే వచ్చెను. పరీక్షింపబడినవి గాలిసంచులు లేని రకములు. ఆ బండ్ల తలుపులను గూడ మనము వేసి చూచి తలయూచిన వారమే! 2019 జూలై నుండి చోదకునికి, 2021లో ఆతని ప్రక్కవానికి గాలిసంచి చట్టముచే నిర్బంధమైనది. 2023 అక్టోబరు నుండి మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలను నడుపుచున్నది. ఇప్పుడు నక్షత్రముల నడిగి కొనువారు గలరు. ఇది సంతోషకరము. కాని యొకటి గమనింపవలెను. మెత్తని తొడుగును చట్టము కోరలేదు, దానంతట నదే వచ్చినది. గాలిసంచిని చట్టము కోరవలసివచ్చినది. ఏలన, కొనువాని చేయి దుకాణములో తొడుగును దడవగలదు, సంచిని దడవలేదు.

దుకాణమున చేయి చాచువా డెవ్వడు? ఇంటి యజమానుడు. ఆతడు ముందు సీటున గూర్చుండి చూచును. వెనుక నడిమి చోటున గూర్చుండి చూచినవానిని మేమింతవఱకు గనలేదు. ఆ చోటు సాధారణముగా ముసలివారికో, ఆడపిల్లకో దక్కును. అక్కడి సీటు మిట్టగా నుండును, కాళ్లకు సొరంగము వంటి యెత్తు అడ్డుపడును, చాల బండ్లలో భుజముపై నుండి వచ్చు పట్టీకి బదులు నడుమునకు మాత్రమే పట్టీ యుండెడిది. బేరములో మాట చెల్లనివానికి బండిలో చోటును అట్టిదే దొరకుచున్నదా యని మా యనుమానము.

లారీని జూచినచో అనుమానము తీఱును. నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా పగలనక రాత్రియనక సిమెంటు లారీలు పోవుచుండును. లారీ కొనువాడు లారీలో గూర్చుండడు. పూర్వము కంపెనీవారు చాసిస్సు మాత్రమే యమ్ముచుండగా, ఆటోనగరు వంటి చోట్ల వడ్రంగులును టింకరులును కలిసి కఱ్ఱతోను రేకుతోను క్యాబిను గట్టెడివారు. లోపల డ్రైవరు దేవుని పటమును, పూసల తోరణమును, రంగు దీపములను దానే సమకూర్చుకొనును. ఇంజను వేడి మాత్రము ప్రక్కనే. సంపన్నుని కారులో చల్లగాలి వచ్చి దశాబ్దములు గడచెను. పగలంతయు మే నెల యెండలో నడుపువాని క్యాబినుకు అది నిర్బంధమగుటకు 2023 డిసెంబరు నాటి యుత్తరువు కావలసివచ్చెను. అదియు 2025 అక్టోబరు 1 మొదలు తయారగు మధ్యరకపు, పెద్దరకపు సరకు బండ్లకు మాత్రమే. అంతకు ముందటి లారీలలో నడుపువా రిప్పటికిని తడిగుడ్డ మెడకు జుట్టుకొనియే పోవుచున్నారు. కునికిపాటు పడిన డ్రైవరు లారీకి నెదురుగా వచ్చునది మన మెత్తని కారే యని కూడ జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇదంతయు మా బావమఱదికి జెప్పితిమి. ఆతడు నొచ్చుకొనలేదు, "బావా, బడిలో చెప్పినట్టు చెబుతున్నావు" అని నవ్వెను. కనుమ మఱునాడు వారు హైదరాబాదునకు బ్రయాణమైరి. ముందు చోట్లు కుమారునికి, కోడలికి. వెనుక కిటికీలు పిల్లలకు. మేనత్తగారికి నడిమి చోటు. పట్టీ యెక్కడ నని మేము వెదకితిమి. అది కొన్ననాటి ప్లాస్టిక్కు సంచితోనే సీటు సందున దిగిపోయి యుండెను. వ్రేళ్లు పోనిచ్చి లాగి, సంచి చించి, ఆమెకు గట్టితిమి. "చీర నలుగుతుందిరా, వెనకాల కూర్చున్నవాళ్ళకి ఇవన్నీ ఎందుకు?" అని యామె విసుగుకొనిరి. ఇబ్రహీంపట్నము దాటిన తరువాత విప్పెదరేమో యని, విప్పకుండ జూచుపని చిన్న మనుమరాలికి అప్పగించి తలుపు వేసితిమి. చప్పుడు బాగుగనే యున్నది.