రాయి విన్నది, పిల్లలు వినలేదు

ధ్యాన భాగము: యెహోషువ 24వ అధ్యాయము, న్యాయాధిపతులు 2:6–10



మన పల్లెలలో ఒక పెద్దాయన మంచము పట్టినయెడల బంధువులందరు చేరుదురు. లోపల కొందరు ప్రార్థన చేయుచుందురు, కొందరు కన్నీరు తుడుచుకొనుచుందురు. అరుగు మీద కూర్చున్నవారి మాటలు మాత్రము వేరుగా నుండును. పట్టా ఎవరి పేర నున్నది? బోరు ఎవరి వాటాకు వచ్చును? తోట ఎట్లు పంచవలెను? ఇవి అడుగరాని ప్రశ్నలు కావు. గాని చనిపోవుచున్న తండ్రి బిడ్డలకు అప్పగింపవలసినది ఇంతేనా?

నూను కుమారుడైన యెహోషువ బహు వృద్ధుడయ్యెను. లోకులందరు పోవు మార్గమున తానును పోవుచున్నానని ఆయనకు తెలియును. భూమి పంపకము అప్పటికే ముగిసినది. గోత్రములన్నిటికి పంచిన తరువాతనే ఆయన తన వాటా తీసికొనెను (19:49, 50). ఇక ఆస్తి మాట మిగిలిలేదు. అయినను ఆయన ఇశ్రాయేలీయులందరిని షెకెమునకు పిలిపించెను. అబ్రాహాము కనాను దేశములో ప్రవేశించి మొదట బలిపీఠము కట్టిన చోటు అదియే. యాకోబు తన యింటివారి యొద్దనున్న అన్యదేవతలను మస్తకివృక్షము క్రింద పాతిపెట్టిన చోటును అదియే. ఊరక ఎన్నుకొన్న స్థలము కాదు.

అక్కడ ఆయన తన యుద్ధములను గూర్చి గొప్పలు చెప్పుకొనలేదు. దేవుడు చేసినదే చెప్పెను. మీ పితరులు నది అద్దరిని వేరే దేవతలను కొలిచినవారు. దేవుడు వారిని పిలిచెను. ఐగుప్తునుండి తెచ్చెను, సముద్రము దాటించెను, మీరు కట్టని పట్టణములలో కాపురముంచెను, మీరు నాటని తోటల పండ్లు తినిపించెను. అటు తరువాత ఎవరిని సేవించెదరో నేడే కోరుకొనుడని అడిగి, తానును తన యింటివారును యెహోవానే సేవింతుమని తెలియజెప్పెను.

జనులు ఏమనిరి? వెంటనే ఒప్పుకొనిరి. యెహోవాను విడువనే విడువమనిరి. మన కూటములలో ఇట్టి మాట వినబడినయెడల ఆమేన్ అని సంతోషించి ఇండ్లకు పోవుదుము. యెహోషువ సంతోషింపలేదు. మీరు ఆయనను సేవింపజాలరని వారి ముఖము మీదనే చెప్పెను (24:19)!

వృద్ధుడైన నాయకుడు ఇంత కఠినముగా ఎందుకు మాటలాడెను? ప్రియులారా, మన అడవి పల్లెలలో పోడు చేసినవారికి ఇది తెలియును. చెట్లు కొట్టి మోళ్లు కాల్చుట కొద్ది దినముల పని. మంచె వేసికొని, నిద్ర మానుకొని, రాత్రులందు అడవిపందులు రాకుండ చేను కాయుట పంట చేతికి వచ్చువరకు ఉండు పని. చెట్టు కొట్టినవారందరు గింజ ఇంటికి తెచ్చుకొనలేదు. సేవింతుమని ఒక్క దినమున కేక వేయుట సులభము; ప్రతి రాత్రి మంచె మీద మేలుకొనుట కష్టము. సులభమైన మాటకు మోసపోకుండ యెహోషువ వారిని పరీక్షించెను.

వారు మరల ఒప్పుకొనగా, మీ మీద మీరే సాక్షులని ఆయన చెప్పెను. ఈ మాట మన దోర్నకల్ అధ్యక్ష మండలమువారికి క్రొత్తది కాదు. తమిళ దేశమునుండి 1909లో సువార్తికుడుగా దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకింపబడిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు, బాప్తిస్మము పొందినవారిని తమ చేయి తమ తల మీదనే పెట్టుకొనుమనిరి. తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమనియు, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమ అనియు వారిచేత పలికించిరి (1 కొరింథీయులకు 9:16). బిషప్పుగారు తన చేయి వారి తల మీద పెట్టి తానే సాక్షిగా నుండవచ్చును. గాని బిషప్పు ఎంతకాలము బ్రదుకును? ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. ఎవరి చేయి వారి తల మీదనే యున్నయెడల సాక్షి ఎన్నడును ఇల్లు విడిచిపోడు.

అటు తరువాత యెహోషువ పలికిన మాట వినుడి. మీ మధ్యనున్న అన్యదేవతలను తొలగద్రోయుడనెను (24:23). అనగా యెహోవాను విడువమని కేకలు వేసినప్పుడే అవి వారి గుడారములలో ఉండెను! ఆయన పొరుగువారి పూజలను నిందించుటకు సభ కూర్చలేదు. తన సొంత ప్రజల పెట్టెలు వెదకుమనెను. మనమును అట్లే మన పెట్టెలు వెదకుకొందము. జ్వరము వచ్చినప్పుడు ప్రార్థన చేయించుకొని, ఎందుకైనను మంచిదని చంటిబిడ్డ మొలకు తాయెత్తు కట్టుట లేదా? ఆదివారము పాటలు పాడిన నోరు శనివారము రాత్రి సారాయి వాసన కొట్టుట లేదా? ప్రభువు బల్ల యొద్ద ఒకే రొట్టెలో పాలు పొందినవారము, పెండ్లి మాటలయొద్ద కులము అడుగుట లేదా? కట్నము చాలలేదని కోడలిని పుట్టింటికి పంపిన ఇల్లు మన సంఘములలో లేదా? పాతిపెట్టుటకు చెట్టు కావలెనని వేచియుండవద్దు. చేత పట్టుకొన్న దానిని నేడే విడువుడి.

కడపట యెహోషువ పెద్ద రాతిని తెప్పించి, సింధూరవృక్షము క్రింద నిలువబెట్టి, యెహోవా మనతో చెప్పిన మాటలన్నియు ఈ రాయి విన్నదనెను. తరువాత నూట పది ఏండ్ల ప్రాయములో చనిపోయెను. ఆయనతో నడిచిన పెద్దలు బ్రదికినంతకాలము జనులు యెహోవాను సేవించిరి. వారును పోయిన తరువాత, యెహోవానైనను ఆయన చేసిన కార్యములనైనను ఎరుగని తరమొకటి పుట్టినది (న్యాయాధిపతులు 2:10). డెబ్బదిమంది సహోదరులను ఒక్క రాతి మీద చంపించిన అబీమెలెకునకు పట్టము కట్టిరి. ఎక్కడ? అదే షెకెములో, నిలువబెట్టిన స్తంభము దగ్గరి సింధూరవృక్షము క్రింద (9:5, 6). అది యెహోషువ నిలిపిన రాయియేనని అనేకులు తలంచుదురు. రాయి నిలిచియే యున్నది, విశ్వాసము నిలువలేదు. రాయికి చెవులున్నవి గాని నోరు లేదు. పిల్లలతో మాటలాడవలసినది తలిదండ్రులు.

ఈ అడవి సీమకు సువార్త నోటి మాట వలననే వచ్చెను. పందొమ్మిదవ శతాబ్దములో గోదావరి పనుల నిమిత్తము భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెము వచ్చిన ఇంజనీరు హేగ్ దొరవారును, వెంకటరామరాజుగారును కోయల మధ్య నోరు విప్పిరి. విన్నవారు తమ బిడ్డలకు చెప్పిరి. ఇప్పుడు మన వంతు. మన దమ్మపేట, అశ్వారావుపేట ప్రాంతములలో తండ్రి నాటిన పామాయిలు తోట ఇంచుమించు ముప్పది ఏండ్లు కాయును. తరువాత చెట్లు గెలకు అందనంత ఎత్తు పెరుగును, కాపు తగ్గును. కుమారుడు మరల మొక్క నాటవలసినదే. తాత విశ్వాసపు గెలలు మనుమడు ఎంతకాలము కోసికొనగలడు?

అయితే యెహోషువ చెప్పినట్లు మనము సేవింపజాలనివారమే గదా, ఏమి చేయుదుము? యెహోషువ అనగా యెహోవా రక్షణయని అర్థము. యేసు అను నామమును అదియే. మొదటి యెహోషువ సాక్ష్యముగా రాతిని నిలిపి మరణించెను. మన యేసు మరణించి లేచి, రాతిగుండెను తీసివేయు తన ఆత్మను మనకిచ్చెను. తాను అప్పగింపబడిన రాత్రి శిష్యుల కొరకే గాక, వారి మాట వలన విశ్వసించువారి కొరకును ప్రార్థించెను (యోహాను 17:20). మన బలహీనత ఆయనకు తెలిసియే మనలను పిలిచెను.

వృద్ధులారా, ఈ నెల ఒక రాత్రి అన్నము తిన్న తరువాత మీ మనుమలను దగ్గరకు పిలిచి, ప్రభువు మిమ్మును ఏలాగు పట్టుకొనెనో చెప్పుడి. కొత్తగూడెములోనో హైదరాబాదులోనో పనిచేయు కుమారుడు ఫోను చేసినప్పుడు జీతముతోపాటు ప్రార్థనను గూర్చియు అడుగుడి. యౌవనులారా, మీ తాతగారి తోట వాటా అడుగుటకు ముందు ఆయన దేవుని గూర్చి అడుగుడి. అరుగు మీద కూర్చుండక, మంచము దగ్గరకు రండి. ఆ నోరు మూయబడిన తరువాత రాయిని అడిగిన ప్రయోజనము లేదు.

ప్రార్థన: మా పితరుల దేవా, మేము నాటని తోటలో మమ్మును ఉంచితివి. మా పెదవుల మాట మా ఇండ్లలో నిజమగునట్లు చేయుము. మేము దాచుకొన్నవాటిని నేడే విడుచుటకు బలమిమ్ము. మా వెనుకటి తరము నిన్ను ఎరుగని తరము కాకుండ మా నోళ్లు తెరువుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.